పాత ఫ్యామిలీ వ్యానులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను కాపాడుకోవడం ఎలా?

ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే వ్యానుకు పదేళ్లు దాటాక అందరూ ఇంజిను గురించే అడుగుతారు. గేర్‌బాక్స్ ఊసు ఎవరూ ఎత్తరు. తీరా చూస్తే, ఇంజిను ఇంకా బాగానే ఉండగా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చెడిపోయి తుక్కుకు వెళ్లే వ్యాన్లు చాలానే ఉంటాయి. దాన్ని దించి, విప్పి, మళ్లీ కట్టించే ఖర్చు ఒక్కోసారి బండి విలువనే మించిపోతుంది. ఈ గేర్‌బాక్స్‌లను ఎక్కువగా చంపేవి రెండు: ఒకటి వేడి, రెండోది ఆయిల్. ఆయిల్ అంటే పాతబడిపోవడం, తగ్గిపోవడం, అసలు వేరే రకం పోయడం. రెండూ బండి నడిపేవారి చేతిలో ఉన్నవే.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌కు పెద్ద పనేమీ లేదు, పళ్లచక్రాలు అరగకుండా చూస్తే చాలు. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజిను శక్తిని టార్క్ కన్వర్టర్‌లో (ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే, ఆయిల్ నిండిన భాగం) గేర్‌బాక్స్‌కు అందించేది ఆయిలే. పంపు ఒత్తిడితో వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ దారికి పంపాలో తేల్చే కవాటాల దిమ్మ) గుండా వెళ్లి క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు మార్చేదీ అదే. లోపలి వేడిని బయటికి మోసుకుపోయేది కూడా అదే. పైగా వ్యాను బరువైన బండి. చాలా ఫ్యామిలీ వ్యాన్లు కార్ల పునాది మీద కట్టినవి. టయోటా సియెన్నా క్యామ్రీ నుంచి, హోండా ఒడిస్సీ అకార్డ్ నుంచి వచ్చాయి. కారు కోసం పుట్టిన అమరిక మీద ఏడెనిమిది మందిని, వాళ్ల సామాన్లను మోపుతున్నామన్నమాట. అందుకే కారు గేర్‌బాక్స్ ఓర్చుకునే అశ్రద్ధను వ్యాను గేర్‌బాక్స్ ఓర్చుకోదు.

ఇక్కడ చెప్పేదంతా మామూలు ఆటోమేటిక్‌ల గురించి. మీ వ్యానులో ఉన్నది సీవీటీ (విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) అయితే ఆయిల్ వేరు, పద్ధతులు కొన్ని వేరు. దాంట్లో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పొరపాటున కూడా పోయకండి.

ముందు ఆయిల్ రకం తేల్చుకోండి

స్పానర్ పట్టే ముందు బండి పుస్తకం తెరవండి. ఏ ఆయిలో, ఎంత పడుతుందో, లెవెల్ ఎలా చూడాలో మూడూ అందులో ఉంటాయి. పుస్తకం పోతే డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) పిడి మీదో, పుల్ల మీదో ఆయిల్ పేరు చెక్కి ఉంటుంది, చూడండి.

ఎర్రగా ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే ఆయిల్ కాదు. క్లచ్ ప్లేట్లు ఎంత జారి, ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది ఆయిల్‌లో కలిపే రసాయనాలు తేలుస్తాయి. క్రైస్లర్, డాడ్జ్ వ్యాన్లే దీనికి మంచి ఉదాహరణ. 1989లో వచ్చిన వాటి నాలుగు గేర్ల ఎలక్ట్రానిక్ ఆటోమేటిక్‌కు సొంత ఆయిల్ ఉండేది: ఏటీఎఫ్+3, తర్వాత ఏటీఎఫ్+4. దాంట్లో డెక్స్‌రాన్ (జనరల్ మోటార్స్ రకం ఆయిల్) పోసిన బళ్లు టార్క్ కన్వర్టర్ దగ్గర వణకడం మొదలుపెట్టేవి, చివరికి గేర్‌బాక్సే పోయేది. టయోటాలో టైప్ టీ-4, డబ్ల్యూఎస్ అనే రెండు రకాలున్నాయి. ఒకటి అడిగిన చోట రెండోది పోయకూడదు. హోండా పాత జెడ్-1 స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చింది, పాత బళ్లకూ అదే వాడమంది. జనరల్ మోటార్స్ బళ్లలో డెక్స్‌రాన్-3కి బదులు ఇప్పుడు డెక్స్‌రాన్-6 వాడతారు.

"అన్ని బళ్లకూ సరిపోతుంది" అని డబ్బా మీద రాసున్న ఆయిల్ గురించి నా అభిప్రాయం ఇది: నడిరోడ్డు మీద ఆయిల్ కారిపోయి వేరే దిక్కు లేకపోతే అర లీటరు పోసుకుని ఇంటికి రండి. మొత్తం మార్చేటప్పుడు మాత్రం కంపెనీ చెప్పిన రకమే కొనండి. లీకులు ఆపుతామని, గేర్లు మెత్తబరుస్తామని చెప్పే సీసాల మందుల జోలికి వెళ్లకండి. అవి రబ్బరు సీళ్లను ఉబ్బించి లీకును కొన్నాళ్లు దాచిపెడతాయి, అంతకుమించి ఏమీ లేదు.

లెవెల్ చూడటం

చాలామంది తప్పేది ఇక్కడే. ఇంజిన్ ఆయిల్ చూసినట్టు చల్లటి ఇంజిను ఆపి చూస్తే దొంగ లెక్క వస్తుంది. ఎక్కువ బళ్లకు పద్ధతి ఇది. పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి ఆయిల్ వేడెక్కనివ్వండి. బల్లపరుపు నేల మీద ఆపి, కాలు బ్రేక్ మీదే ఉంచి, గేర్ లివర్‌ను పీ (పార్క్) నుంచి కింది దాకా ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి, మళ్లీ పీకి తెచ్చి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజిను ఆపకండి. అది ఐడ్లింగ్‌లో ఉండగానే డిప్‌స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, లోపలికి పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడండి. పుల్ల మీద చల్లటి గుర్తు, వేడి గుర్తు విడివిడిగా ఉంటాయి. మీరు చూడాల్సింది వేడి గుర్తు. రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపునే నమ్మండి.

హోండాలు ఇందుకు మినహాయింపు. వాటిలో బండి వేడెక్కాక ఇంజిను ఆపేసి, ఒకటి ఒకటిన్నర నిమిషం లోపు చూడాలి. బండి పుస్తకం ముందు చదవమన్నది ఇందుకే.

తగ్గితే గుర్తు దాకానే పోయండి, కొద్దికొద్దిగా. "ఒక చుక్క ఎక్కువైతే ఏం పోయింది" అనుకోవద్దు. మరీ ఎక్కువైతే లోపల తిరిగే చక్రాలు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి. నురుగుతో ఒత్తిడి నిలబడదు, క్లచ్‌లు జారతాయి. ఆయిల్ తక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే ఎక్కువైనప్పుడూ కనిపిస్తాయి.

ఒక మాట గుర్తుంచుకోండి: గేర్‌బాక్స్ ఆయిల్ తాగదు. ఇంజిన్ ఆయిల్‌లా కాలిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. మరక ఎక్కడ పడిందో దాన్నిబట్టి దోవ దొరుకుతుంది. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) అంచు వెంబడి అయితే గ్యాస్కెట్ (అతుకులో పెట్టే పల్చటి పొర), చక్రాల వైపు అయితే యాక్సిల్ సీలు, రేడియేటర్ వైపు అయితే కూలర్ గొట్టాలు. ఈ మూడూ చిన్న పనులే. ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర కారుతుంటే అది గేర్‌బాక్స్ ముందు వైపు సీలు కావచ్చు. దానికి గేర్‌బాక్స్ దించాలి. కొన్ని బళ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి తొందరపడి గేర్‌బాక్స్‌ను నిందించకండి.

డిప్‌స్టిక్ అసలే లేని బళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండగా ఇంజిను నడుస్తూనే కింద చెక్ ప్లగ్ తెరిచి, సన్నటి ధార ఆగిపోయే సమయం చూసి బిగించాలి. ఉష్ణోగ్రత చదవడానికి బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ కావాలి. బండిని నాలుగు చక్రాలూ సమంగా లేపి ఉంచాలి. ఆ వసతి ఇంట్లో లేకపోతే తెలిసిన మెకానిక్‌కు వదిలేయడమే మేలు.

పుల్ల మీద చుక్క ఏం చెబుతుంది?

డిప్‌స్టిక్ చివరి చుక్కను తెల్ల కాగితం మీద వేసి కాసేపు ఆగండి. ఆరోగ్యంగా ఉన్న ఆయిల్ ఎర్రగానో, లేత గోధుమ ఎరుపుగానో చుట్టూ పాకుతుంది. మధ్యలో నల్లటి మచ్చ మిగిలి చుట్టూ ఏమీ పాకకపోతే మార్చే సమయం దాటింది. వాసన కూడా చూడండి. మాడు వాసన కొడితే క్లచ్ ప్లేట్ల పూత కాలుతోందని అర్థం.

గులాబీ రంగు పాలమీగడలా కనిపిస్తే బండిని అక్కడే ఆపేయండి. చాలా వ్యాన్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టి లోపలే ఉంటుంది. ఆ గొట్టం తుప్పు పట్టి చిల్లు పడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోతాయి. కూలెంట్‌లోని నీరు, గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీద పూతను పట్టి ఉంచే జిగురును తినేస్తాయి. అలా కొద్ది దూరం నడిపినా చాలు, గేర్‌బాక్స్ మొత్తం పోవచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కాబట్టి ఎప్పటిదో తెలియని పాత రేడియేటర్‌ను లీకు అయ్యేదాకా చూడకుండా ముందే మార్చేయండి.

ఆయిల్ మార్చడం

ఎప్పుడు? వ్యాను మీద బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్ ఎక్కువ అయితే 50 వేల కిలోమీటర్లకు ఒకసారి. ఖాళీ రోడ్ల మీద తిరిగే బండికి లక్ష దాకా నడుస్తుందనే పుస్తకాలున్నాయి గానీ, పాత బండికి నేనైతే 50 వేలే చెబుతాను. "జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న ఆయిల్‌నూ వదలకండి. ఆ జీవితం ఎవరి లెక్క ప్రకారమో ఎక్కడా రాసి ఉండదు.

కావలసినవి: సరైన ఆయిల్ (పట్టేదానికంటే ఒక లీటరు ఎక్కువే), కొత్త ఫిల్టర్, గ్యాస్కెట్, వెడల్పాటి తొట్టి, ఖాళీ సీసాలు, సన్నని పొడవాటి గరాటు, టార్క్ రెంచ్, జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డుదిమ్మలు, కంటి అద్దాలు, చేతి తొడుగులు.

పది నిమిషాలు నడిపి ఆయిల్‌ను గోరువెచ్చగా చేయండి. చల్లగా ఉంటే చిక్కగా ఉండి పూర్తిగా దిగదు, సలసల కాగుతుంటే చేతులు కాలతాయి. ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టి, బండిని లేపి స్టాండ్ల మీద దించండి. ఐదు నిమిషాల పనే అయినా, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకు దూరకండి.

ఏది విప్పే ముందైనా ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. డిప్‌స్టిక్ గొట్టం ఉంటే బాధ లేదు. ప్లగ్ ఉండి, అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, ఆయిల్ అంతా వదిలేశాక తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది.

పాన్‌కు డ్రెయిన్ ప్లగ్ ఉంటే పని సులువు. చాలా పాత వ్యాన్లకు ఉండదు. అప్పుడు పాన్‌నే దించాలి. ఒక వైపు బోల్టులు పూర్తిగా తీసేసి, ఎదురు వైపువి రెండు మూడు చుట్లు మాత్రం వదులు చేయండి. అంచు దగ్గర మెల్లగా కదిపితే పాన్ ఒక మూలకు వాలి, ఆయిల్ ఆ మూల నుంచి తొట్టిలోకి దిగుతుంది. అన్ని బోల్టులూ ఒకేసారి తీస్తే ఆయిల్ మొహం మీద పడుతుంది. దిగిన ఆయిల్‌ను సీసాల్లో పోసి కొలవండి, తిరిగి ఎంత పోయాలో ఆ కొలతే చెబుతుంది.

ఇప్పుడు పాన్ అడుగును తీరిగ్గా చూడండి. ఈ పనిలో నాకు నచ్చే ఘట్టం ఇదే, గేర్‌బాక్స్ చరిత్రంతా అక్కడ ఉంటుంది. అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. గోరుకు తగిలే ఇనుప పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు ఉంటే బేరింగో, పళ్లచక్రమో విరుగుతోంది. రాగి, ఇత్తడి రంగు తళుకులు బుష్‌ల నుంచి వచ్చేవి. నల్లటి మెత్తటి మడ్డి మందంగా ఉంటే క్లచ్ పూత రాలిపోతోంది. ఫొటో తీసి పెట్టుకోండి, వచ్చేసారి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

పాత ఫిల్టర్ లాగేటప్పుడు దాని మెడకున్న రబ్బరు రింగు ఒక్కోసారి పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. అది గమనించకుండా కొత్త రింగుతో కొత్త ఫిల్టర్ నొక్కితే సరిగా కూర్చోదు, పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. వేలు పెట్టి తడిమి చూడండి. పాన్‌ను, అయస్కాంతాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. అంచున పాత గ్యాస్కెట్ ముక్క ఒక్కటీ మిగలకూడదు. బోల్టు రంధ్రాల దగ్గర రేకు ఉబ్బి ఉంటే, దిమ్మ మీద పెట్టి సుత్తితో మెల్లగా చదును చేయండి. కొన్ని గేర్‌బాక్స్‌లకు గ్యాస్కెట్ ఉండదు, సిలికాన్ పేస్టే రాస్తారు. అలాంటి చోట సన్నటి గీతలా రాయండి. ఎక్కువ రాస్తే లోపలికి పిండుకుపోయిన ముక్కలు ఫిల్టర్‌కు అడ్డం పడతాయి.

బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో పుస్తకం చెప్పినంత బిగించండి. ఇవి చిన్న బోల్టులు, అల్యూమినియం మరలు. బలం చూపిస్తే మర చెడుతుంది, లేదా గ్యాస్కెట్ నలిగి వెంటనే కారుతుంది.

దిగినదానికంటే అర లీటరు తక్కువ పోసి బండిని దించి ఇంజిను స్టార్ట్ చేయండి. కాలు బ్రేక్ మీద ఉంచి గేర్లన్నీ ఒకసారి తిప్పండి. లెవెల్ చూసి కొంచెం పోయండి. పావుగంట నడిపి వచ్చి వేడి మీద మళ్లీ చూసి గుర్తుకు సరిచేయండి. ఒకటి రెండు రోజుల తర్వాత ఇంకోసారి కింద చెమ్మ ఉందేమో, లెవెల్ తగ్గిందేమో చూడండి. పాత ఆయిల్‌ను మురుగులో, మట్టిలో పారబోయకుండా వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

ఇలా మార్చినప్పుడు దిగేది మొత్తం ఆయిల్ కాదు. తొమ్మిది లీటర్ల గేర్‌బాక్స్‌లో నాలుగు లీటర్లు దిగాయనుకోండి. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. మొదటిసారికి కొత్త ఆయిల్ 44 శాతం. మధ్యలో బండి నడుపుతూ రెండోసారి మారిస్తే 69, మూడోసారి మారిస్తే 83 శాతం అవుతుంది. ఫిల్టర్ మొదటిసారే మారుస్తారు కాబట్టి, డ్రెయిన్ ప్లగ్ ఉన్న బండికి తర్వాతి రెండు సార్లూ అరగంట పనే. ప్రధాన ఫిల్టర్ గేర్‌బాక్స్ లోపలే ఉండిపోయే చాలా హోండా వ్యాన్లకు ఇదే సరైన దారి.

ఎప్పుడూ మార్చని బండిలో కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుందా?

ఈ మాట మీరు తప్పకుండా వినే ఉంటారు. దీనిలో సగం నిజం ఉంది. క్లచ్ పూత అరిగిపోయిన గేర్‌బాక్స్‌లో, రాలిన పొడితో చిక్కబడ్డ పాత ఆయిలే ఎలాగోలా పట్టు ఇస్తుంటుంది. అది తీసేసి శుభ్రమైన ఆయిల్ పోస్తే జారడం బయటపడుతుంది. చంపింది కొత్త ఆయిల్ కాదు, కానీ నింద దాని మీద పడుతుంది.

అందుకని ముందు బండి నడిపి చూడండి. గేర్లు సాఫీగా పడుతూ, ఆయిల్ నల్లబడి మాత్రమే ఉంటే, పైన చెప్పినట్టు కొద్దికొద్దిగా, విడతల వారీగా మార్చండి. యంత్రం పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగే పద్ధతికి, పాత బండి విషయంలో, నేను ఒప్పుకోను. ఎక్కడో మూల పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో సన్నని దారులకు అడ్డం పడొచ్చు. ఆయిల్ మాడు వాసన కొడుతూ, గేరు ఇప్పటికే జారుతుంటే, ఆయిల్ మీద పెట్టే డబ్బును మరమ్మతుకు దాచుకోండి.

వేడి తగ్గించడం

ఏటీఎఫ్ దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పనిచేస్తుంది. అక్కడి నుంచి ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌ల మోటు లెక్క. లెక్క మోటుదే గానీ దారి సరైనదే. నిండు బరువుతో ఘాట్ ఎక్కే వ్యానుకు, ట్రాలీ లాగే వ్యానుకు విడిగా ఒక ఆయిల్ కూలర్ బిగించడం కంటే మంచి ఖర్చు లేదు. రేడియేటర్ ముందు గాలి తగిలే చోట పెట్టి, రేడియేటర్‌లోని కూలర్ దాటి వచ్చే గొట్టానికి కలుపుతారు. ఆయిల్ గొట్టాలకు ఏటీఎఫ్‌కు పనికొచ్చే రబ్బరే వాడాలి, పెట్రోలు గొట్టం చాలదు. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును, పురుగులను కడిగేయడం మాత్రం ఖర్చు లేని పని.

నడిపే తీరులో కూడా వేడి పుడుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్ తొక్కి బండిని నిలబెట్టకండి, బ్రేక్ తొక్కండి. బురదలో దిగబడితే డీ (ముందుకు), ఆర్ (వెనక్కి) మధ్య ఊపుతూ నిమిషాల తరబడి చక్రాలు తిప్పకండి. ఎత్తు మీద గేరు పైకీ కిందికీ ఊగుతుంటే ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) బటన్ ఆపేయండి, ఒకే గేరులో నిలకడగా ఎక్కుతుంది. వెనక్కి కదులుతున్న బండిని పూర్తిగా ఆపకుండా డీలో వేయకండి. ఏటవాలు చోట నిలిపేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, బరువు దాని మీద పడ్డాక పీలో పెట్టండి. లేకపోతే బండి బరువంతా లోపలున్న చిన్న కొక్కెం మీద వేలాడుతుంది.

గేర్‌బాక్స్ తప్పు కానివి

గేరు గట్టిగా కొడుతుంటే, మౌంట్లు (ఇంజినును బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) అరిగాయేమో ముందు చూడండి. కాలు బ్రేక్ మీద ఉంచి డీ నుంచి ఆర్‌కు మార్చినప్పుడు ఇంజిను ఎగిరి పడుతుంటే అదే అనుమానం. బ్యాటరీ నీరసించినా, ఆల్టర్నేటర్ సరిగా ఛార్జ్ చేయకపోయినా, గేర్‌బాక్స్ మీది కనెక్టర్‌లో తుప్పు పట్టినా ఎలక్ట్రానిక్ గేర్‌బాక్స్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఇంకా పాత బళ్లలో యాక్సిలరేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు ఒక కేబుల్ ఉంటుంది, అది సాగితే గేర్లు తొందరగా, మెత్తగా పడి క్లచ్‌లు కాలతాయి. దాన్ని సరిచేయడం గేర్‌బాక్స్ విప్పే పని కాదు.

ఇంజిన్ లైటు వెలిగితే చవక స్కానర్ అయినా పెట్టి చూడండి, తప్పు ఏమిటో అది కోడ్ రూపంలో చూపిస్తుంది. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో చెప్పాలనుకుంటోందని మాత్రమే అర్థం, అసలు కోడ్ దాని వెనుక వేరే ఉంటుంది. పీ0715, పీ0720 వేగం కొలిచే సెన్సర్లవి, చాలా బళ్లలో బయటి నుంచే మార్చవచ్చు. పీ0740 టార్క్ కన్వర్టర్‌ను ఇంజినుతో బిగించే లాక్‌ది. నిలకడగా వెళ్తున్నప్పుడు గతుకుల రోడ్డెక్కినట్టు వణుకు వస్తే దీన్ని అనుమానించాలి. ఆయిల్ మారిస్తే తగ్గే అవకాశం ఉన్న జబ్బుల్లో ఇదొకటి. బండి ఒకే గేరులో ఇరుక్కుపోయి పైకి పోకపోతే అది తనను తాను కాపాడుకునే లింప్ మోడ్. ఆపి స్టార్ట్ చేస్తే మామూలైనా కోడ్ చదివించాల్సిందే. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత కొన్ని రోజులు గేర్లు కాస్త మొరటుగా పడితే భయపడకండి, కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటోంది.

పొద్దున డీలో వేశాక కదలడానికి రెండు మూడు సెకన్లు పట్టడం, ఇంజిను అరుస్తున్నా బండి వేగం అందుకోకపోవడం, ఇంజిను వేగంతో పాటు మారే ఊళ. ఈ మూడిట్లో ఏది కనిపించినా మొదట లెవెల్ చూడండి. లెవెల్ సరిగ్గా ఉంటే దూర ప్రయాణం మానుకుని, గేర్‌బాక్స్ పనే చేసే మెకానిక్‌కు చూపించండి.

దారిలో ఆగిపోతే బండిని లాగించే తీరు కూడా ముఖ్యమే. ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపును తిప్పేది ఇంజిను. ఇంజిను ఆగి చక్రాలు మాత్రమే తిరుగుతుంటే లోపల ఆయిల్ అందక భాగాలు మాడిపోతాయి. ముందు చక్రాలతో నడిచే వ్యానైతే ముందు భాగాన్ని ఎత్తి లాగించండి. వెనుక చక్రాలతో నడిచేదైతే వెనుక భాగాన్ని ఎత్తించండి. నాలుగు చక్రాలూ నడిపే రకమైతే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు తప్ప వేరే దేనికీ ఒప్పుకోకండి.